నవ్వులాటగా ఇచ్చిన సీటు

జాబితాలో పేరు కనిపించలేదు. కటాఫ్‌కు రెండు మార్కుల దూరంలో ఆగిపోయారు. లేదంటే ఇంటర్వ్యూ దాకా వెళ్లొచ్చారు, ఆ తర్వాత ఏ కబురూ లేదు. అలాంటి రోజున ఎవరికైనా మొదట తోచేది ఒకటే: లోపం నాలోనే ఉంది. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, దేన్ని చూసి తీసుకున్నారు, అందులో మన చేతిలో ఉన్నదెంత అన్న లెక్క తేలకముందే మన మీద మనమే తీర్పు రాసేసుకుంటాం.

ఆ లెక్కను ఓపిగ్గా తేల్చుకున్న ఓ అమ్మాయి కథ ఇది. 1847లో అమెరికాలో ఇరవై ఆరేళ్ల సంగీతం టీచరు ఒకామె వైద్య కళాశాలలకు వరసగా దరఖాస్తులు పెడుతోంది. ఆమె పేరు ఎలిజబెత్ బ్లాక్‌వెల్. అమెరికాలో వైద్య పట్టా అందుకున్న మొదటి మహిళ అని జీకే పుస్తకాల్లో ఒక్క లైనులో కనిపిస్తుంది. ఆ లైను వెనక ఎన్ని తిరస్కరణలున్నాయో, చివరికి దొరికిన సీటు ఎంత విచిత్రంగా దొరికిందో చాలామందికి తెలియదు.

తండ్రి పోయాక బడి పంతులమ్మ

ఎలిజబెత్ 1821 ఫిబ్రవరి 3న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టింది. తండ్రి శామ్యూల్ బ్లాక్‌వెల్‌ది పంచదార శుద్ధి చేసే వ్యాపారం. ఆడపిల్లలకూ మగపిల్లలతో సమానంగా చదువు చెప్పించాలన్నది ఆయన పట్టుదల. 1832లో కుటుంబం మొత్తం ఓడెక్కి అమెరికా చేరింది. అక్కడ వ్యాపారం నిలదొక్కుకోలేదు. 1838లో సిన్సినాటి పట్టణానికి మారిన కొద్ది వారాలకే తండ్రి జబ్బుచేసి చనిపోయాడు. పెద్ద సంసారం, చేతిలో డబ్బు లేదు. అక్కలిద్దరితో కలిసి ఎలిజబెత్ ఓ చిన్న బడి తెరిచింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు.

డాక్టర్ కావాలన్న కల చిన్నప్పటి నుంచీ ఉన్నదేం కాదు. శరీరం, జబ్బు అంటేనే ఆమెకు అప్పట్లో వెగటు. పరిచయస్తురాలైన ఓ మహిళ ప్రాణాంతకమైన స్త్రీ వ్యాధితో మంచాన పడింది. తనను చూసే డాక్టరు ఆడమనిషి అయ్యుంటే ఇంత నరకం ఉండేది కాదని ఎలిజబెత్‌తో చెప్పుకుని బాధపడింది. నువ్వే ఎందుకు ఆ చదువు చదవకూడదని అడిగింది. ఆ మాట ఆమెను వదల్లేదు. ముందు కొట్టిపారేసింది. తర్వాత తెలిసిన డాక్టర్లకు ఉత్తరాలు రాసింది. ఆలోచన మంచిదే కానీ ఖర్చు ఎక్కువ, పైగా ఆడవాళ్లకు సీటు ఇచ్చే చోటే లేదు అని దాదాపు అందరూ ఒకే జవాబు రాశారు.

ఆమె ఆ జవాబును రెండు ముక్కలు చేసి చూసింది. ఒకటి డబ్బు. అది తన చేతిలో ఉన్న పని. రెండోది సీటు. అది ఇతరుల చేతిలో ఉంది. ముందు తన చేతిలో ఉన్నదాన్ని పట్టుకుంది.

1845లో నార్త్ కరోలినాలోని యాష్‌విల్‌లో ఓ బడిలో సంగీతం చెప్పే పనికి కుదిరింది. ఆ బడి నడిపే మతాచార్యుడు జాన్ డిక్సన్ అంతకుముందు వైద్యం చేసినవాడు. ఆయన పుస్తకాల బీరువా ఆమెకు మొదటి వైద్య గ్రంథాలయం అయింది. తర్వాత చార్ల్‌స్టన్ వెళ్లి అక్కడా సంగీతం చెబుతూ, ఆయన సోదరుడు, వైద్య కళాశాల ప్రొఫెసరు అయిన శామ్యూల్ హెన్రీ డిక్సన్ దగ్గర చదువుకుంది. పగలు పియానో పాఠాలు, మిగిలిన వేళల్లో వైద్య పుస్తకాలు. జీతంలో మిగిలిందంతా దాచింది. 1847లో ఆ డబ్బుతో ఫిలడెల్ఫియా చేరింది. అప్పట్లో అమెరికాలో వైద్య విద్యకు పెద్ద కేంద్రం అదే.

వద్దన్నది ఎందుకని?

అప్పటి అడ్మిషన్ పద్ధతి తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఈనాటిలా ప్రవేశ పరీక్ష లేదు, ర్యాంకు లేదు. ఎవరైనా డాక్టరు దగ్గర శిష్యరికం చేసినట్టు ఉత్తరం, లెక్చర్లకు కట్టడానికి ఫీజు ఉంటే మామూలు చదువున్న కుర్రాడికి కూడా సీటు దొరికేది. కోర్సు కూడా కొద్ది నెలల చొప్పున రెండు టర్ములే. రెండో టర్ములో చాలావరకు మొదటి టర్ము పాఠాలే మళ్లీ చెప్పేవారు.

అంటే ఎలిజబెత్‌ను కాదన్నది అర్హత చాలక కాదు. సీటు దొరికిన చాలామంది కుర్రాళ్ల కంటే ఆమె ఎక్కువే చదివి వచ్చింది. ఫిలడెల్ఫియాలో జొనాథన్ అలెన్ అనే డాక్టరు దగ్గర అనాటమీ ప్రైవేటుగా నేర్చుకుంటోంది కూడా. మరి ఎందుకు కాదన్నారు?

కారణాలు రకరకాలు. ఆడవాళ్ల బుద్ధికి ఈ చదువు అందదని కొందరి నమ్మకం. మగపిల్లల మధ్య కూర్చుని శరీర భాగాల గురించి వినడం మర్యాద కాదని ఇంకొందరి అభ్యంతరం. ఆడవాళ్లు డాక్టర్లయితే ఆడ రోగులంతా వాళ్ల దగ్గరికే పోతారు, తమ ప్రాక్టీసు ఏమవుతుందన్నది కొందరి భయం. దీని వెనక మరో లెక్క కూడా ఉంది. అప్పటి చాలా వైద్య కళాశాలల్లో విద్యార్థులు కొనే లెక్చర్ టికెట్ల డబ్బే ప్రొఫెసర్ల రాబడి. ఒక అమ్మాయిని చేర్చుకుంటే కుర్రాళ్లు అలిగి పక్క కాలేజీకి పోతే నష్టం ఎవరికి? ఒక్క సీటు కోసం అంత రిస్కు తీసుకునేవాళ్లు తక్కువ.

శ్రేయోభిలాషులు రెండు దారులు చూపించారు. పారిస్ వెళ్లిపొమ్మన్నారు. మగవేషం వేసుకుని క్లాసులో కూర్చోమన్నారు. రెండోది ఆమె ససేమిరా అంది. దొంగచాటుగా చదువు దొరకొచ్చు, కానీ తర్వాత వచ్చే అమ్మాయికి దాని వల్ల ఒరిగేదేం లేదు. ఆమెకు కావలసింది తన సొంత పేరు మీద, అందరికీ తెలిసేలా దొరికే సీటు.

పెద్ద కాలేజీలు కాదన్నాక ఆమె జాబితా మార్చింది. న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాలను దాటి, ఉత్తరాది రాష్ట్రాల్లోని చిన్న ఊళ్ల కళాశాలల వివరాలు సేకరించింది. వాటిలో మెరుగ్గా కనిపించిన పన్నెండింటికి దరఖాస్తులు పంపింది.

సరదాకి ఎత్తిన చేతులు

ఆ పన్నెండింటిలో ఒకటి న్యూయార్క్ రాష్ట్రం పడమటి వైపున్న జెనీవా మెడికల్ కాలేజీ. ఆమె దరఖాస్తుతో పాటు ఫిలడెల్ఫియాలో పేరున్న ఓ డాక్టరు రాసిన సిఫారసు ఉత్తరం ఉంది. ప్రొఫెసర్లకు ఆమెను చేర్చుకోవడం ఇష్టం లేదు. అలాగని ఆ పెద్దమనిషి మాట తీసేసి మొహం చెడగొట్టుకోవడమూ ఇష్టం లేదు. అందుకని ఓ ఉపాయం చేశారు. నిర్ణయాన్ని విద్యార్థుల మీదకు నెట్టేశారు. క్లాసులో ఏ ఒక్కరు అభ్యంతరం చెప్పినా సీటు లేనట్టే అని షరతు పెట్టారు. సుమారు 150 మంది కుర్రాళ్లలో ఒక్కడైనా కాదనకపోతాడా, పాపం వాళ్ల మీద వేసేయొచ్చు అన్నది వాళ్ల ధీమా.

కుర్రాళ్లు దీన్ని తమాషా అనుకున్నారు. పక్క కాలేజీవాళ్లు చేస్తున్న ఆటపట్టింపేమో అని కొందరు నవ్వుకున్నారు. సభ పెట్టి, గోల చేసి, అందరూ అవునన్నారు. ఆడ, మగ తేడా లేకుండా శాస్త్ర విద్య అందరికీ అందాలని, ఆమె వస్తే తమ ప్రవర్తన వల్ల ఆమె బాధపడే పరిస్థితి రానివ్వబోమని ఓ గంభీరమైన తీర్మానం కూడా రాసి పంపారు. ప్రొఫెసర్లు తమ షరతులో తామే ఇరుక్కున్నారు. 1847 అక్టోబరు 20 తేదీతో ఆమెకు ప్రవేశ పత్రం వెళ్లింది.

ఎలిజబెత్ ఆ తీర్మానాన్ని నిజమనే తీసుకుంది. ఆ కాగితాన్ని తోలుపత్రం మీద రాయించుకుని జీవితాంతం అపురూపంగా దాచుకుంది. రాసినవాళ్లు ఏ ఉద్దేశంతో రాశారన్నది వాళ్ల సంగతి. రాసిన మాటకు కట్టుబడేలా చేయడం తన సంగతి.

నవంబరు మొదట్లో ఆమె జెనీవాలో దిగింది. టర్ము అప్పటికే మొదలైపోయింది. తీర్మానం మరిచిపోయిన కుర్రాళ్లు నిజంగానే ఓ అమ్మాయి క్లాసులోకి నడిచి వచ్చేసరికి బిత్తరపోయారు. అల్లరికి మారుపేరైన ఆ క్లాసు ఆ రోజు చడీచప్పుడు లేకుండా పాఠం విందని, ఆమె సహాధ్యాయి, తర్వాతి రోజుల్లో న్యూయార్క్‌లో ప్రజారోగ్య రంగంలో పేరు తెచ్చుకున్న స్టీఫెన్ స్మిత్ గుర్తుచేసుకున్నాడు.

ఊరు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఈమె చెడ్డదైనా అయ్యుండాలి, పిచ్చిదైనా అయ్యుండాలి అని ఆడవాళ్లు గుసగుసలాడారు. వీధిలో ఆగి మరీ వింతగా చూసేవారు. బసలో ఉన్న ఆడవాళ్లు పలకరించేవారు కాదు.

సీటొచ్చినంత మాత్రాన తరగతి గదంతా మనదైపోదు. పునరుత్పత్తి అవయవాల పాఠం వచ్చినప్పుడు అనాటమీ ప్రొఫెసర్ జేమ్స్ వెబ్‌స్టర్ ఆమెను కొన్నాళ్లు రావద్దని చీటీ పంపాడు. ఆమె గొడవపడలేదు, ఏడవలేదు, తప్పుకోనూ లేదు. మర్యాదగా జవాబు రాసింది. తాను మిగతావాళ్లలాంటి విద్యార్థినేనని, శాస్త్రాన్ని భక్తితో చదివేవాళ్లకు అందులో సిగ్గుపడాల్సిందేమీ కనిపించదని, తన ఉనికి ఇబ్బంది అనిపిస్తే వెనక బెంచీలో కూర్చుంటానని, విద్యార్థులంతా వద్దంటే మానేస్తానని చెప్పింది. ప్రొఫెసర్ ఆ ఉత్తరాన్ని క్లాసులో చదివి వినిపించాడు. అవతల గదిలో ఎదురుచూస్తున్న ఆమెను లోపలికి పిలిచారు. ఆమె వచ్చి తన చోట కూర్చుంది.

1848 వేసవి సెలవుల్లో ఫిలడెల్ఫియాలోని బ్లాక్లీ అనాథాశ్రమ ఆసుపత్రిలో పనిచేసింది. కరువు నుంచి పారిపోయి ఓడల్లో వచ్చిన ఐర్లండ్ వలసదారులు అక్కడ టైఫస్ జ్వరంతో కుప్పలుగా పడి ఉన్నారు. అక్కడి కుర్ర డాక్టర్లు ఆమె వార్డులోకి రాగానే బయటికి వెళ్లిపోయేవారు. ఆమె మంచం నుంచి మంచానికి తిరిగి తానే రాసుకుంది. ఆ జ్వరమే ఆమె థీసిస్ అంశం. జబ్బుకు శుభ్రత, గాలి, బతుకు పరిస్థితులతో ఉన్న సంబంధం గురించి రాసిన ఆ వ్యాసం 1849లో వైద్య పత్రికలో అచ్చయింది.

1849 జనవరి 23న ఆమె పట్టా అందుకుంది. క్లాసులో మొదటి స్థానం ఆమెదే.

మళ్లీ మూసుకున్న తలుపు

కథ ఇక్కడితో ముగిస్తే బావుంటుంది. కానీ అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

స్నాతకోత్సవంలో ఆమెను డీన్ చార్ల్స్ లీ బాగా పొగిడాడు. ఆ ప్రసంగం అచ్చులో వచ్చేసరికి కింద ఓ చిన్న గమనిక చేరింది. ఈ ఒక్కరి విషయం వేరు కానీ, ఆడవాళ్లను మామూలుగా చేర్చుకోవడంలో ఇబ్బందులు ఎక్కువ కాబట్టి ఇకపై అలాంటి ప్రయత్నాలను తాను సమర్థించనని దాని సారాంశం. ఎలిజబెత్ చెల్లెలు ఎమిలీ అదే కళాశాలకు దరఖాస్తు చేస్తే కాదన్నారు. ఎమిలీకి 1852లో షికాగోలోని రష్ మెడికల్ కాలేజీలో చోటు దొరికింది. ఆ రాష్ట్ర వైద్య సంఘం ఆ కాలేజీని తప్పుబట్టింది. ఒక టర్ము చదివాక రెండోదానికి రానివ్వలేదు. చివరికి ఆమె క్లీవ్‌లాండ్‌లో చదువు పూర్తిచేసి 1854లో డాక్టరైంది.

దయతో ఇచ్చిన సీటు, పొరపాటున ఇచ్చిన సీటు రూలు కాదు. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలరు. అక్కకు ముందు వరసలో దొరికిన గౌరవం చెల్లెలికి గుమ్మం దగ్గర కూడా పనికిరాలేదు.

ఎలిజబెత్‌కూ కష్టాలు తీరలేదు. ఆసుపత్రి అనుభవం కోసం 1849లో పారిస్ వెళితే, చేతిలో డాక్టరు పట్టా ఉన్నా అక్కడి ప్రసూతి ఆసుపత్రి లా మాతెర్నితేలో మంత్రసాని పని నేర్చుకునే అమ్మాయిగానే చేర్చుకున్నారు. ఆమె సరేనంది. అక్కడ దొరికే ప్రసూతి అనుభవం మరెక్కడా దొరకదని ఆమెకు తెలుసు. ఆ నవంబరులో కళ్లకు చీము పట్టే ఇన్ఫెక్షన్ ఉన్న ఓ పసిబిడ్డ కళ్లు కడుగుతుంటే ఆ నీరు చింది ఆమె కంట్లో పడింది. నెలలు మంచం పట్టింది. ఎడమ కన్ను పోయింది. సర్జన్ కావాలన్నది ఆమె పెద్ద ఆశ. ఒంటి కన్నుతో కత్తి పట్టలేదు. ఆ ఆశ అక్కడే ముగిసింది.

తేరుకున్నాక లండన్ వెళ్లి సెయింట్ బార్తలమ్యూస్ ఆసుపత్రిలో పని నేర్చుకుంది. అక్కడ అన్ని వార్డుల్లోకీ రానిచ్చారు, ఒక్క స్త్రీ వ్యాధుల వార్డు తప్ప. ఆడవాళ్ల కోసమే డాక్టరైన మనిషికి ఆ ఒక్క తలుపే మూసి ఉండటం విడ్డూరం కాక మరేమిటి!

తలుపు తానే కట్టింది

1851లో న్యూయార్క్ తిరిగొచ్చాక ఆసుపత్రులు ఉద్యోగం ఇవ్వలేదు. బోర్డు పెట్టుకోవడానికి గది అద్దెకివ్వడానికీ జంకారు. రోగులు రాలేదు. ఖాళీగా కూర్చోకుండా ఆడపిల్లల ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు చెప్పింది. వాటిని విన్న కుటుంబాల నుంచే మొదటి రోగులు వచ్చారు. 1853లో పేదల పేటలో ఓ గదిలో చిన్న డిస్పెన్సరీ తెరిచింది. 1857 మే 12న చెల్లెలు ఎమిలీ, జర్మనీ నుంచి వచ్చిన డాక్టర్ మేరీ జక్‌షెవ్‌స్కాలతో కలిసి పేద స్త్రీలు, పిల్లల కోసం న్యూయార్క్ ఇన్ఫర్మరీ ప్రారంభించింది. రోగులకు వైద్యం ఒక్కటే దాని పని కాదు. ఎలాగోలా పట్టా తెచ్చుకున్న అమ్మాయిలకు ఆసుపత్రి అనుభవం దొరికే చోటు అదే. పట్టా తర్వాతి తలుపు తనకు ఎన్నిసార్లు మూసుకుందో ఆమెకు గుర్తుంది.

1859లో బ్రిటన్ వైద్య రిజిస్టరులో పేరెక్కిన మొదటి మహిళ కూడా ఆమే. విదేశీ పట్టా ఉండి, 1858 అక్టోబరుకు ముందే బ్రిటన్‌లో ప్రాక్టీసు చేసినవాళ్లు నమోదు కావచ్చని కొత్త చట్టంలో ఓ వెసులుబాటు ఉంది. ఆ నిబంధనను చదివి వాడుకుంది.

1868లో ఇన్ఫర్మరీకి అనుబంధంగా ఆడవాళ్ల వైద్య కళాశాల తెరిచారు. ఈసారి బల్లకు అవతలి వైపు ఎలిజబెత్ కూర్చుంది. సీటు ఎవరికివ్వాలో తేల్చేది ఇప్పుడు ఆమె. తాను ఇన్ని ఇబ్బందులు పడ్డాను కాబట్టి అడిగిన అమ్మాయికల్లా సీటిచ్చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె అలా చేయలేదు. చాలా కాలేజీల్లో లేని ప్రవేశ పరీక్ష పెట్టింది. కోర్సును మూడేళ్లు చేసింది. చివరి పరీక్షకు తమ ప్రొఫెసర్లు కాకుండా బయటి డాక్టర్లు పరీక్షకులుగా ఉండాలంది.

ఎందుకంత కఠినం? ఆడవాళ్ల కాలేజీ కదా, ఏదోలే అని ఎవరూ అనకూడదు. అక్కడి పట్టా చూసి ఎవరూ పెదవి విరవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, రాసి ఉన్న రూలు ముందు అందరూ ఒకటే. పరీక్షలో నెగ్గిన అమ్మాయి ఎవరి దయకీ, ఎవరి సరదాకీ రుణపడక్కర్లేదు. ఆమె సీటును ఎవరూ గమనిక రాసి వెనక్కి లాక్కోలేరు. ఆ కళాశాల నుంచి మూడు వందల మందికి పైగా మహిళలు డాక్టర్లయి బయటికొచ్చారు. 1899లో దాన్ని మూసేశారు, అదీ ఓటమితో కాదు. కోర్నెల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఆడవాళ్లను మగవాళ్లతో పాటే చేర్చుకోవడం మొదలుపెట్టింది కాబట్టి ఇక విడిగా కాలేజీ అక్కర్లేకపోయింది.

మద్రాసు దాకా

ఎలిజబెత్ 1869లో ఇంగ్లండ్ వెళ్లిపోయింది. 1874లో సోఫియా జెక్స్-బ్లేక్ చొరవతో మొదలైన లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్‌కు అండగా నిలిచింది, అక్కడ పాఠాలూ చెప్పింది. మన తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్రానికి ఆ స్కూలుతో ఓ చుట్టరికం ఉంది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన తొలి మహిళల్లో ఒకరైన మేరీ షార్లీబ్ తర్వాత పై చదువు చదివింది అక్కడే. ఆమె తిరిగొచ్చి 1885లో మద్రాసులో పరదా పాటించే స్త్రీల కోసం పెట్టిన ఆసుపత్రినే జనం గోషా ఆసుపత్రి అని పిలుచుకున్నారు. మగ డాక్టరుకు చూపించుకోలేక బాధను దిగమింగుకునే ఆడవాళ్ల కోసమే అదీ పుట్టింది. ఎన్నో ఏళ్ల కిందట సిన్సినాటిలో మంచాన పడ్డ ఆ పరిచయస్తురాలి కోరికా అదే కదా.

1910 మే 31న ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో, ఎనభై తొమ్మిదో ఏట ఎలిజబెత్ బ్లాక్‌వెల్ కన్నుమూసింది.

ఆమె జీవితంలో వద్దన్న జవాబులన్నీ ఒకే రకం కావు. డబ్బు లేదన్నది నిజమైన లోటు, దాన్ని రెండేళ్లు పనిచేసి పూడ్చింది. ఆడదానివి అన్నది అవతలివాళ్ల భయం, దాన్ని తన లోపంగా తీసుకోలేదు, వేరే చోట అడిగింది. కన్ను పోవడం దురదృష్టం, దాంతో పోట్లాడకుండా దారి మార్చుకుంది. ఏది ఏమిటో విడదీసి చూడగలగడమే ఆమె బలం.

మీ చేతిలో ఉన్న తిరస్కరణ కాగితాన్ని కూడా ఓసారి అలా చదివి చూడండి. మార్కులు తక్కువైతే ఎక్కడ తక్కువయ్యాయో రాసుకోండి, అది మీరు చేయాల్సిన పని. సీట్లు తక్కువై, పోటీ ఎక్కువై పోయిన అవకాశమైతే మరో జాబితా తయారుచేసుకోండి. అదృష్టం కలిసొచ్చి సీటు దొరికిందా, సంతోషం. ఎలా దొరికిందని జెనీవాలో ఆమెను ఇప్పుడెవరూ అడగడం లేదు. దొరికాక ఆమె ఏం చేసిందన్నదే మిగిలింది.